కళాశాల మైదానము నుండి మెల్బోర్న్ వరకు

ఫుట్‌బాల్ ఆటకు కావలసిన సామగ్రి బహు స్వల్పము. ఒక బంతి, గోలుకు నాలుగు గుంజలు, రెండెకరములకు మించని చదునైన నేల యుండిన చాలును. గుమ్మఘట్ట ప్రాంతమున నేలకు కొదువ లేదు. వేరుసెనగ పెరికిన చేలును, నీరు లేనినాళ్ల వేదవతీ నది ఇసుకయును బాలురకు ఆటస్థలములే. మరి కొదువ దేనికి? ఈ ప్రశ్నకు సమాధానము హైదరాబాదు కళాశాల విద్యార్థుల ఫుట్‌బాల్ చరిత్రలో మనకు లభించును.

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు విద్యార్థులును, పూర్వవిద్యార్థులును కలిసి 'ఎలెవెన్ హంటర్స్' అను జట్టుగా ఆడిరి. అందొకరు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. వృత్తిచే ఆయన బడిపంతులు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ సంవత్సరము మొదలు 1954 వరకు, వరుసగా ఐదేండ్లు, ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొనెను.

ఈ విజయమునకు మూలము ఆయన బోధనాపద్ధతియే. బంతిని తనయొద్దనే నిలుపుకొని తప్పించుకొనిపోవుట నిషేధించి ఆయన పోటీలు నడిపిరి. అప్పుడు ఆటగాడు తల యెత్తి తోటివానిని చూచి, వెంటనే బంతి నందింపక తప్పదు. వాటము లేని కాలితో మాత్రమే ఆడవలెనను పోటీలును పెట్టిరి. కుడికాలి వాటము గలవాడు ఎడమకాలిని సాధన చేయును. ప్రత్యర్థి ఏ వైపున అడ్డగించినను వానికి మరియొక దారి యుండును. ఈ అభ్యాసములకు ధనవ్యయము లేదు. కావలసినది ఆలోచించు గురువు.

భారత జట్టునకును ఆయనయే శిక్షకులు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో మన జట్టు ఇరానును 1–0తో గెలిచి స్వర్ణపతకము పొందెను. మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడెను. చలిదేశమున మనవారు పలువురు బూట్లు లేక వట్టికాళ్లతో ఆడిరి. రహీం గారు ఆ ఓటమిని పాఠముగా గ్రహించిరి. 1953లో హంగరీ జట్టు ఇంగ్లండును 6–3తో ఓడించినప్పుడు, నడిమి ఫార్వర్డును వెనుకకు దింపి ప్రత్యర్థి రక్షకులను తికమకపరచెను. ఆ వ్యూహమును ఆయన మనవారికి నేర్పిరి. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో భారతజట్టు ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి నాలుగవ స్థానము నందెను. సికింద్రాబాదు సమీపమున అమ్ముగూడలో పుట్టిన పేదయింటి యువకుడు తులసీదాస్ బలరాం ఆ జట్టులోని వాడే.

1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో గెలిచి మరల స్వర్ణము తెచ్చునాటికే రహీం గారు క్యాన్సరుతో బాధపడుచుండిరి. 1963 జూన్‌లో మరణించిరి. అటుపిమ్మట ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణము రాలేదు. 1960 తరువాత ఒలింపిక్సులో మన జట్టు ఆడలేదు. బాలురు పుట్టుచునే యున్నారు, మైదానములు నున్నవి. ఒక గురువు నేర్పిన విద్యను బడిబడికి అందించు ఏర్పాటు మాత్రము మనము చేసికొనలేదు.

అందుచేతనే అనంతపురమున రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారి క్రీడాగ్రామములో పల్లెల బాలబాలికలకు ఫుట్‌బాల్ నేర్పుట మనము గమనింపదగిన విషయము. వానలు మన చేతిలో లేవు. ప్రతి ఉన్నతపాఠశాలకు ఒక మంచి శిక్షకుని ఇచ్చుట మాత్రము మన చేతిలోనిదే.