రాడార్ డిటెక్టర్ తనను తాను సరిచూసుకుంటుంటే

అమెరికా హైవేల మీద దూరప్రయాణాలు చేసే మనవాళ్లలో కొందరు కారు ముందద్దానికి రాడార్ డిటెక్టర్ తగిలించుకుంటారు. టెక్సస్ ఎండలో గంటల తరబడి ఆపిన కారును స్టార్ట్ చేస్తే, కొన్ని మోడళ్లలో కాసేపటికి ‘సెల్ఫ్ క్యాలిబ్రేషన్’ అనో, దాని పొట్టిరూపమో తెరమీద కనిపించి పోతుంది. ఒకసారి వచ్చి పోతే కంగారు పడక్కర్లేదు. అదే పదేపదే వస్తున్నా, తెరమీదే నిలిచిపోయినా, ‘సర్వీస్ అవసరం’ అన్న సందేశంగా మారినా మాత్రం పట్టించుకోవాలి.

ఎందుకో తెలియాలంటే ఆ పెట్టె పనిచేసే తీరు కొంచెం తెలియాలి. పోలీసుల రాడార్ గన్ రేడియో తరంగాన్ని పంపుతుంది. అది కదిలే బండికి తగిలి తిరిగొచ్చేసరికి ఫ్రీక్వెన్సీ కాస్త మారుతుంది. ఆ మార్పును బట్టి గన్ వేగం లెక్కకడుతుంది. డిటెక్టర్ పని ఆ తరంగాన్ని పసిగట్టడమే. అది చెవి ఒగ్గాల్సిన చోట్లు ప్రధానంగా మూడు. ఎక్స్ బ్యాండ్ 10.525 గిగాహెర్ట్జ్ దగ్గర, కె బ్యాండ్ 24.150 దగ్గర ఉంటాయి. కెఎ బ్యాండ్ 33.4 నుంచి 36 దాకా పరుచుకుని ఉంటుంది. అందులో గన్‌లు ఎక్కువగా 33.8, 34.7, 35.5 దగ్గర పనిచేస్తాయి.

ఇంత ఎక్కువ ఫ్రీక్వెన్సీని నేరుగా కొలవడం కష్టం. అందుకని డిటెక్టర్ లోపల చిన్న ఆసిలేటర్ ఉంటుంది. బయటి సిగ్నల్‌ను దీని సిగ్నల్‌తో కలిపితే రెండింటి తేడా తక్కువ ఫ్రీక్వెన్సీగా బయటపడుతుంది. లెక్కంతా దానిమీదే. ఆసిలేటర్ తానెక్కడ ఉన్నదీ పరికరానికి కచ్చితంగా తెలిస్తేనే ఆ లెక్క నిలుస్తుంది. ఏసీ గదిలో శ్రుతి చేసిన మృదంగం ఎండలోకి తెస్తే శ్రుతి తప్పినట్టు, ఆసిలేటర్ కూడా వేడికీ చలికీ పక్కకు జరుగుతుంది. 34.7 గిగాహెర్ట్జ్ దగ్గర వెయ్యింట ఒక వంతు జరిగినా దాదాపు 35 మెగాహెర్ట్జ్ తేడా వస్తుంది. పరికరం లోపలున్న స్థిరమైన ఆధారంతో పోల్చుకుని ఆ తేడాను దిద్దుకోవడమే సెల్ఫ్ క్యాలిబ్రేషన్.

కాబట్టి మొదట అనుమానించాల్సింది వేడినే. కిటికీలు దించి, ఏసీ వేసి, క్యాబిన్ చల్లబడ్డాక డిటెక్టర్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. సందేశం రాకపోతే సమస్య అక్కడితో తీరినట్టే. కారు ఎండలో ఉన్నంతసేపూ దాన్ని అద్దం మీద వదిలేయకుండా తీసి లోపల పెట్టుకుంటే చాలు.

చల్లబడినా వస్తుంటే కరెంటు సంగతి చూడాలి. నా అంచనాలో జనం ఎక్కువగా వదిలేసేది ఇదే. సిగరెట్ లైటర్ సాకెట్‌లో ప్లగ్ కొంచెం వదులుగా ఉన్నా, లోపల దుమ్ము పేరుకున్నా, గతుకు వచ్చినప్పుడల్లా సరఫరా తెగి మళ్లీ కలుస్తుంది. అలా కలిసిన ప్రతిసారీ పరికరం మొదటినుంచి మొదలుపెట్టి తనను తాను పరీక్షించుకుంటుంది. చూసేవాళ్లకు అది క్యాలిబ్రేషన్ లోపంలా కనిపిస్తుంది. ప్లగ్‌ను గట్టిగా నొక్కి చూడండి. మరో సాకెట్, మరో వైరు, వీలైతే మరో కారు ప్రయత్నించండి. వెనక చూసే అద్దం దగ్గరి వైరింగ్ నుంచి కరెంటు తీసుకున్నవాళ్లు ఒకసారి దాన్ని పక్కనపెట్టి, పరికరంతో వచ్చిన వైరుతోనే చూడాలి. వేరే కారులో బాగా పనిచేస్తే తప్పు డిటెక్టర్‌ది కాదు.

తర్వాత ఫ్యాక్టరీ రీసెట్. ఏ బటన్లు నొక్కాలో మోడల్‌ను బట్టి మారుతుంది, మాన్యువల్ చూసి చేయండి. తయారీదారు కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చి ఉంటే వేసుకోవచ్చు, మధ్యలో కేబుల్ మాత్రం పీకకూడదు.

ఇక్కడ ఒక పొరపాటు అంచనాకు చాలా అవకాశం ఉంది. సూపర్‌మార్కెట్ ఆటోమేటిక్ తలుపు దగ్గర డిటెక్టర్ మోగితే ‘బాగానే ఉంది’ అనుకుంటారు. చాలా తలుపుల సెన్సర్లు కె బ్యాండ్‌లో పనిచేస్తాయి. అక్కడ మోగిందంటే రిసీవర్ బతికే ఉందన్నమాట. కెఎ బ్యాండ్ సరిగా ఉందని మాత్రం దానితో తేలదు. ఫ్రీక్వెన్సీ అంకె చూపించే మోడలైతే, అదే తలుపు దగ్గర చల్లటి పొద్దున ఒకసారి, మండే మధ్యాహ్నం ఒకసారి అంకె చూడండి. రెండూ బాగా తేడాగా ఉంటే క్యాలిబ్రేషన్ నిలవడం లేదని అనుమానించాలి. కెఎలో చిన్న చిన్న ముక్కలను మాత్రమే వినేలా సెట్ చేసుకున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. లెక్క పక్కకు జరిగిపోతే అసలైన సిగ్నల్ ఆ ముక్క బయట పడిపోతుంది. డిటెక్టర్ మౌనంగా ఉంటుంది, ఎదురుగా రాడార్ ఉన్నా సరే.

ఉత్తర వర్జీనియాలో ఉండే మన కుటుంబాలు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. వర్జీనియాలో, వాషింగ్టన్ డీసీలో రాడార్ డిటెక్టర్ వాడటం చట్టవిరుద్ధం. ఆసిలేటర్ నుంచి కొద్దిపాటి సిగ్నల్ బయటికి కారుతుంది, దాన్ని పట్టే పరికరాలు పోలీసులకు ఉన్నాయి. అలా కారే సిగ్నల్ ఉపగ్రహ టెర్మినళ్లకు అడ్డు వస్తోందని 2002లో అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దానికి పరిమితులు కూడా పెట్టింది. వర్జీనియా సరిహద్దులోకి వచ్చేముందు డిటెక్టర్‌ను తీసి డిక్కీలో పెట్టేయండి.

ఇవన్నీ చేసినా సందేశం పోకపోతే స్క్రూలు విప్పొద్దు. మిల్లీమీటర్ తరంగాల భాగాలను సరిచేయడానికి ప్రత్యేక కొలత పరికరాలు కావాలి, ఇంట్లో అది కుదరదు. సర్వీస్‌కు పంపుతూ సందేశం ఎండలో వస్తోందా, చలిలోనా, ఇంజిన్ స్టార్ట్ చేయగానేనా, గంట నడిచాకా అన్నది రాసి జతచేయండి. తెర ఫోటో ఒకటి పెడితే మరీ మంచిది. మీ సెట్టింగులు ముందే రాసిపెట్టుకోండి, అన్నీ చెరిగిపోయి తిరిగి రావచ్చు.