గుర్రపు కళేబర నిర్మూలన
గుర్రపు కళేబర నిర్మూలన అనగా చనిపోయిన గుర్రం ఆహారంలో కలవకుండా పూడ్చివేయడం లేదా దహనం చేయడం. జూబ్లీ హిల్స్, ఫిలింనగర్ కేంద్రంగా గల తెలుగు చిత్రపరిశ్రమలో మగధీర (2009) వంటి చిత్రాలకు గుర్రాలు అవసరమయ్యాయి. చిత్రీకరణకు 2001 నాటి ప్రదర్శన జంతువుల నియమాల ప్రకారం అనుమతి తప్పనిసరి. గుర్రం చనిపోయాక జరగవలసినది వేరే చట్టాల పరిధిలోనిది.

ఆహార భద్రతా నిబంధనలు (2011) మాంసానికి అనుమతించిన జంతువులలో గుర్రం, గాడిద లేవు. అయినా 2021లో ఆంధ్రప్రదేశ్ కోస్తా జిల్లాలలో గాడిద మాంసం అమ్మకాలు బయటపడ్డాయి. గుర్రం విషయంలో అసలు ప్రమాదం దానికి వాడే మందులది. నొప్పి తగ్గించే ఫినైల్‌బ్యుటజోన్ మనుషులలో, అరుదుగానైనా, ఎముక మజ్జను దెబ్బతీయగలదు. అనాయాస మరణానికి ఇచ్చే పెంటోబార్బిటాల్ వలన కళేబరాన్ని తిన్న కుక్కలు, రాబందులు కూడా చనిపోవచ్చు. మనుషులకూ సోకే గ్లాండర్స్ వ్యాధితో చనిపోయిన గుర్రానికి చర్మం ఒలవరాదు. సున్నం చల్లి లోతైన గోతిలో పాతిపెడతారు. ఈ వ్యాధి కనబడితే 2009 నాటి కేంద్ర చట్టం ప్రకారం పశువైద్యాధికారులకు తెలియజేయాలి.