తెల్ల కాగితముపై సంతకము

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణపు కొసన చాంద్రాయణగుట్ట యున్నది. దాని నంటియున్న బార్కసుపేట పేరే దాని చరిత్రను చెప్పును; సిపాయిల బారకాసులను మాట ప్రజల నోళ్లలో నలిగి బార్కసు అయినది. అరేబియా దక్షిణ భాగమందలి హద్రమౌతు నుండి వచ్చి నైజాము కొలువున చేరిన సిపాయిల సంతతివారు అచ్చట పెక్కుమంది కలరు. 1948లో సంస్థానము భారతదేశమున కలిసిన పిమ్మట ఆ కొలువు పోయినది. కొన్ని కుటుంబములు కూలికిని, చిల్లర వర్తకమునకును దిగినవి. 1970 తరువాత చమురు ధర పెరిగి గల్ఫు దేశములు సంపన్నములు కాగా ఇచ్చటి యువకులు పనికై అచ్చటికి పోయిరి; అచ్చటి ముదుసలులు పెండ్లికై ఇచ్చటికి రాజొచ్చిరి. ఈ రాకపోకల నడుమ నిలిచిన దళారిని గూర్చియే మా నేటి ప్రసంగము.

2017 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు పాతబస్తీలో దాడులు జరిపి, ఒమాను, కతారు దేశస్థులు ఎనిమిదిమందిని పట్టుకొనిరి. వారితోపాటు ఖాజీలు, లాడ్జి యజమానులు, దళారులు నిర్బంధింపబడిరి. పట్టుబడుట వేరు, నేరము రుజువగుట వేరు. కావున ఏ వ్యక్తిని గూర్చియు మేము తీర్పు చెప్పబోము. వ్యాపారపు తీరు మాత్రము అంతకు పూర్వమే లోకమునకు తెలిసినది.

దళారి బలవంతము చేయడు. దళారులలో స్త్రీలును కలరు గనుక ఇంటిలోనికి పోవుట కష్టమును కాదు. అప్పు ఎంత, తండ్రికి పని యున్నదా, ఎదిగిన ఆడపిల్లలు ఎందరు అని మెల్లగా అరసి, ఆ సంసారమున మెత్తనిచోటు ఎక్కడనో కనిపెట్టుదురు. పిదప ఆశ చూపుదురు. వరుడు ధనవంతుడు, కొంత సొమ్ము చేతికి వచ్చును, పిల్ల విదేశమున సుఖపడును. వీనిలో మొదటి రెండును నిజమే కావచ్చును. చెప్పకుండ దాచినది వేరొకటి: ఆ పెద్దమనిషి సెలవు దినములు ముగియగానే పెండ్లియు ముగియును. కొన్ని సంబంధములలో నిఖానాడే విడాకుల కాగితముపైన సయితము పిల్లచేత ముందుగా సంతకము చేయించి యుంచుట కద్దు. చదువురాని పిల్లకు ఏ కాగితమైన నేమి?

ఇట్టివానిని నిలదీసినచో, నేనాడిన అబద్ధమేదో చూపుడనును. చూపుట కష్టమే. మన పెద్దలు త్రికరణశుద్ధి యనిరి. మనస్సును, మాటయు, చేతయు ఒక్కదారిని నడచుట యని దాని యర్థము. దళారి మాటను విడిగా పరీక్షింపుడు, తప్పు దొరకదు. మనస్సునకును మాటకును నడుమ నున్న సందులోనే అతని వ్యాపారమంతయు సాగును. మా అభిప్రాయమున ఇట్టివాడు అబద్ధీకుని కన్నను ఎక్కువ పోగొట్టుకొనును. అబద్ధమాడినవానికి తాను అబద్ధమాడితినను ఎరుకయైనను మిగులును. ఇతనికి అదియు మిగులదు. పది యిండ్లలో మెత్తనిచోటు వెదకిన కన్ను పదునొకండవ యింట మానునా? తన కూతురికి సంబంధము వచ్చిననాడు ఎదుటివాని మంచిమాటను ఇతడేమని నమ్మగలడు?

తక్కినవారి సంగతి చూడుడు. ఖాజీ తాను నిఖా చదివితి ననును. లాడ్జివాడు గది అద్దెకిచ్చితి ననును. తండ్రి, దళారి చెప్పెను గనుక నమ్మితి ననును. ఆ తండ్రిని తూలనాడుటకు మాకు నోరు రాదు, అప్పులవాని గోడు ఎరిగినవారము. పాపము ముక్కలై పంచబడినది, ఎవరి చేతను మచ్చ కనబడదు. 1929లో శారదా చట్టము వచ్చినది, 2006లో బాల్యవివాహ నిషేధ చట్టము వచ్చినది. అవి వధువు వయస్సును కొలుచును; ఆమెకు చెప్పకుండ దాచినదానిని కొలుచునవి కావు.

ఇది మహమ్మదీయుల గొడవ, మనకేల యనువారు మా పాఠకులలో లేకపోరు. వారు విజయనగరమువైపు ఒకపరి చూచుట మేలు. ఆనంద గజపతి మహారాజు విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్ల నడుమ జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహములకు పట్టిక వేయింపగా, లెక్కకు వచ్చినవే 1,034 తేలినవి. ఐదేండ్లకు పెండ్లియైన పిల్లలు 99 మంది. ఏడాది బిడ్డలు ముగ్గురు! గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చువేసిన కన్యాశుల్క నాటకమునకు వ్రాసిన ఆంగ్ల పీఠికలో ఈ లెక్కలు నేటికిని ఉన్నవి. ఆ పెండ్లిండ్లకు ముహూర్తము పెట్టినవారు, మధ్యవర్తులై రూకలు తీసికొనినవారు, సంభావన పుచ్చుకొనినవారు గ్రామములలో గౌరవముగనే బ్రతికిరి.

శుల్కము పోయినదని మనము సంతోషించితిమి. అప్పు తీసికొనవచ్చిన రైతుచేత, మొత్తము వ్రాయని నోటుపైన వ్రేలిముద్ర వేయించుకొనెడి షావుకారులు మన పల్లెలలో నుండిరి. ఆసాములు కొందరును అట్లే చేసిరి. రైతు తనంత తానే వేలు పెట్టెను గదా యని వారును అనిరి. ముద్ర నిజమైనదే, సాక్షులు నిజమైనవారే. ఆ నోటును బార్కసు సందులలోని విడాకుల కాగితము ప్రక్కన పెట్టి చూచినచో, వ్రాసిన చేతులు రెండును ఒకే బడిలో చదివినట్లు మాకు తోచును.

1991లో హైదరాబాదు బాలిక ఒకతెను, అరువదేండ్ల అరబ్బు పెండ్లిచేసికొని ఢిల్లీ మీదుగా తన దేశమునకు తీసికొనిపోవుచుండెను. తల్లిదండ్రులు ఒప్పుకొనియుండిరి. నిఖా జరిగియుండెను. పిల్ల విమానములో ఏడ్చుచుండగా ఒక విమానపరిచారిక దగ్గరకు పోయి, ఎందుకు ఏడ్చుచున్నావని అడిగెను. ఆ పెండ్లిలో ఆమెకు రావలసిన రూక లేదు. పిల్ల చెప్పినది విని ఆమె పోలీసులకు కబురుచేయగా, విమానము ఢిల్లీలో దిగిన పిమ్మట ఆ వరుని పట్టుకొనిరి.