మంచుబండి ముందు స్ప్రింగులు

కెనడా దేశంలోని క్యూబెక్ రాష్ట్రంలో వాల్‌కూర్ అనే చిన్న ఊరు ఉన్నది. 1934 శీతకాలంలో అక్కడి దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. ఆ సమయంలోనే జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ అనే మెకానిక్ రెండేళ్ళ కుమారుడు తీవ్రమైన ఉదరవ్యాధికి గురై, ఆసుపత్రికి చేర్చే వాహనం లేక మరణించాడు. మంచు మీద నడిచే బండిని నిర్మించాలని అంతకుముందు నుండే శ్రమిస్తున్న ఆ తండ్రి, 1937లో తన పట్టా చక్ర విధానానికి పేటెంటు పొందాడు. ఒకరిద్దరు కూర్చొని నడుపుకొనే తేలికపాటి 'స్కీ-డూ'ను ఆయన సంస్థ 1959లో విడుదల చేసింది. ఇటువంటి బండినే స్నోమొబైల్ అంటారు.

ఈ బండికి నేలను తాకే చక్రాలు ఉండవు. వెనుక భాగాన రబ్బరు పట్టా తిరుగుతూ మంచును వెనక్కు నెట్టి, బండిని ముందుకు నడుపుతుంది. ముందు భాగాన రెండు స్కీలు ఉంటాయి. హ్యాండిల్ తిప్పినప్పుడు తిరిగేవి ఇవే. స్కీల అడుగున గట్టి లోహపు కడ్డీలు మంచులో దిగి పట్టు కలిగిస్తాయి. తొలినాటి బండ్లలో స్కీల మీద లారీల కమాను కట్టల వంటి పట్టీలు ఉండేవి. వాటిని సర్దుబాటు చేసే అవకాశం చాలా తక్కువ. ఇప్పటి బండ్లలో ప్రతి స్కీకీ వేరుగా చుట్ట స్ప్రింగు, దాని నడుమ షాక్ అబ్జార్బరు అమర్చబడి ఉంటాయి. స్ప్రింగు బరువును మోస్తుంది. షాక్ అబ్జార్బరు ఆ స్ప్రింగు ఊగిసలాటను అణచుతుంది. ఈ రెండు పనులూ ఒకటేనని భ్రమించి, ఒకదాని దోషాన్ని మరొకదానిలో వెదికేవారు లేకపోలేదు.

అసలు సమస్య బరువు పంపకానిది. ఎడ్లబండికి బస్తాలు ఎత్తే రైతుకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. బరువు ముందుకు ఎక్కువైతే ఎద్దుల మెడలు కుంగుతాయి. వెనుకకు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. మంచుబండిలో స్కీల మీద భారం తగ్గితే, హ్యాండిల్ ఎంత తిప్పినా బండి తిన్నగానే దూసుకుపోతుంది. మలుపు పక్కన చెట్టు ఉన్నచోట ఈ లోపం ప్రాణాంతకం కాగలదు. భారం మరీ ఎక్కువైతే హ్యాండిల్ బరువెక్కి చేతులు నొప్పి పుడతాయి. పైగా, ఇతర బండ్లు గీసిన పాత గాళ్ళలోకి స్కీలు తమంతట తామే లాగుకొనిపోతాయి.

స్ప్రింగును ముట్టుకొనే ముందు అడుగు కడ్డీలను పరీక్షించాలి. అవి అరిగిపోయినా బండి సరిగా మలగదు. అప్పుడు స్ప్రింగును బిగించడం రోగమొకచోట, మందొకచోట అన్నట్లే. కడ్డీలు బాగున్నట్లయితే బండి ముందు భాగాన్ని పైకెత్తి నిలిపి, స్కీలను గాలిలో వ్రేలాడనివ్వాలి. రెండు స్ప్రింగుల పొడవునూ కొలిచి కాగితం మీద వ్రాసుకోవాలి. స్ప్రింగు చివర మరలున్న కంకణం ఉంటుంది. దానిని బిగిస్తే స్ప్రింగు ముందుగానే నొక్కుకొని, స్కీ మీద భారం పెరుగుతుంది. వదులు చేస్తే తగ్గుతుంది. ఒక్కసారికి ఒకటి రెండు చుట్లు చాలును. కుడివైపు ఎన్ని చుట్లో ఎడమవైపూ అన్నే ఉండాలి. లేనిచో బండి ఒకవైపు తిరిగినంత సులభంగా మరొకవైపు తిరగదు. పిమ్మట ముందు నడిపిన దారిలోనే మరల నడిపి చూడాలి. దారి మారితే మార్పు స్ప్రింగుదో మంచుదో తేలదు.

ఇంత చేసినా స్కీలు పట్టు చూపకపోతే దృష్టిని వెనుకకు మరల్చవలసి వస్తుంది. వెనుక సస్పెన్షన్ ముందు కొసన ఒక పటకా కట్టు ఉంటుంది. దానిని కురచ చేస్తే బరువు స్కీల వైపు జరుగుతుంది.

గట్టిపడిన బాటకు తగిన అమరిక లోతైన మెత్తని మంచుకు తగదు. అక్కడ స్కీలు మునిగిపోకుండా పైన తేలవలెను. కనుక సాధారణంగా ముందు భారాన్ని తగ్గిస్తారు. తిరిగి గట్టి బాట మీదికి వచ్చేటప్పుడు, కాగితం మీది కొలతను చూచి కంకణాలను మళ్ళీ బిగిస్తారు.