సలాము చెప్పడం, దువా కోరడం

సోదరీమణులారా, నమస్కారం. అస్సలాము అలైకుమ్.

ఈ రెండు పలకరింపులూ మన ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం వైపు ఒకే వీధిలో వినిపిస్తాయి. గోడకు అటొకరు, ఇటొకరుగా బతుకుతున్నాం. గిన్నెడు చక్కెర, గుప్పెడు కరివేపాకు ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నాం. అయినా పండుగనాడో, కష్టం వచ్చిన ఇంటికి వెళ్ళినప్పుడో "ఏమనాలో తెలియక ఊరుకున్నానమ్మా" అనే మాట తరచుగా వింటుంటాను. తెలియక ఊరుకోవడం మనకు మర్యాదగానే తోస్తుంది. అవతలివారికి మాత్రం, ఫలానావిడ పలకరించలేదన్న మాటే మిగిలిపోతుంది. అందుకని ఈ వేళ ముస్లింల ఇళ్ళలో సలాము ఎలా చెప్పుకుంటారో, నమాజు తరువాత ఏం కోరుకుంటారో, పండుగనాడు ఏమని పలకరించుకుంటారో చెప్పుకుందాం. తెలిసిన అక్కచెల్లెళ్ళకు ఇది ఒక గుర్తు. తెలియని ఇరుగుపొరుగువారికి ఒక పరిచయం.

ముందుగా సలాము. "అస్సలాము అలైకుమ్" అంటే మీకు శాంతి కలగాలని అర్థం. "వ అలైకుముస్సలాం", అంటే మీకూ శాంతి కలగాలి, అని బదులిస్తారు. దీనికి "వ రహ్మతుల్లాహ్" చేరిస్తే దైవకారుణ్యం, "వ బరకాతుహూ" చేరిస్తే ఆయన శుభాలు కూడా కోరినట్లు. మొదటి మాటకు 10 పుణ్యాలు, రెండోది చేరిస్తే 20, మూడోదీ చేరిస్తే 30 అని ప్రవక్త ముహమ్మద్ గారు చెప్పినట్లు హదీసు ఉంది. ఎవరైనా సలాము చెబితే అంతకంటె మంచి మాటతో, కనీసం అదే మాటతో బదులివ్వాలని ఖుర్ఆన్‌లో నిసా అధ్యాయం 86వ వాక్యం చెబుతోంది. అందుకే ముందుగా చెప్పడం సున్నత్ అనీ, బదులివ్వడం తప్పనిసరి అనీ పండితులు అంటారు.

ఎవరు ముందు చెప్పాలి? చిన్నవారు పెద్దవారికి, నడిచేవారు కూర్చున్నవారికి, వాహనం మీద పోయేవారు నడిచేవారికి, కొద్దిమంది ఎక్కువమందికి చెప్పాలి. ఈ వరుసలో ఒక అందం ఉంది చూడండి. బండిమీద పోయేవాడు కాలినడకన పోయేవాణ్ణి ముందుగా పలకరించాలంటే, వాడి గర్వం కాస్త దిగాలి కదా! ఇక పరాయి ఇంటికి వెళితే గుమ్మం బయటే నిలబడి సలాము చెప్పి, అనుమతి అడగాలి. మూడుసార్లు అడిగినా పలకకపోతే మనసులో ఏమీ పెట్టుకోకుండా తిరిగి వెళ్ళాలి. లోపల ఇల్లాలు స్నానం చేస్తూ ఉండవచ్చు, బిడ్డకు పాలిస్తూ ఉండవచ్చు. మన సొంత ఇంట్లోకి అడుగుపెట్టినా సలాము చెప్పుకోవాలి.

మన తెలుగు ఇళ్ళలో కొత్త కోడలు పెద్దల కాళ్ళకు మొక్కుతుంది. ముస్లిం ఇళ్ళలో వంగి మొక్కడం దేవుడొక్కడికే. అందుకని కోడలు చెయ్యి నుదుటిదాకా ఎత్తి సలాము చెబుతుంది, పెద్దవారు "జీతే రహో" అని తలమీద చెయ్యి వేస్తారు. కాళ్ళకు మొక్కలేదు గనుక ఆ పిల్లకు గౌరవం లేదనుకోవద్దు. అలాగే కొందరు పరాయి మగవారితో, ఆడవారితో చేతులు కలపరు. చెయ్యి గుండెమీద పెట్టుకుని సలాము చెబుతారు. అదీ గౌరవమే.

మరి ముస్లిం కానివారు సలాము చెబితే? ఇక్కడ కొన్ని ఇళ్ళలో పిల్లలు తికమక పడుతున్నారు. ప్రక్కింటి పెద్దమ్మ ప్రేమగా "సలాం బిడ్డా" అంటే మౌనంగా నిలబడతారు. ఇది తగదు. ముస్లింలు, యూదులు, విగ్రహారాధకులు కలిసి కూర్చున్న ఒక చోటికి వచ్చినప్పుడు ప్రవక్తగారు ఆ సభకు సలాము చెప్పినట్లు ఉసామా బిన్ జైద్ గారి హదీసులో ఉంది. జవాబులో ఏ మాటలు వాడాలన్న విషయంలో పండితుల మధ్య భేదాలు ఉన్నా, పలకరించినవారికి మంచిగా బదులివ్వాలన్నది అందరికీ తెలిసిన మర్యాదే. ఖమ్మం 1948 దాకా నిజాం సంస్థానంలో ఉండేది. ఆ సంస్థానంలో "ఆదాబ్" అనేది ఏ మతంవారైనా వాడుకున్న పలకరింపు. భద్రాచలం ప్రాంతమేమో 1959లో ఖమ్మం జిల్లాలో కలిసేదాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. మాటలు వేరైనా, పలకరించడమనేది రెండువైపులా ఉన్నదే.

ఇక నమాజు. ఫజ్ర్, జుహర్, అస్ర్, మగ్రిబ్, ఇషా అని రోజుకు ఐదు వేళలు. మీరు ఏదో పనిమీద వెళ్ళేసరికి ఆ ఇంటావిడ నమాజులో ఉంటే పిలవకండి, ఆమె ముందునుంచి అడ్డంగా నడవకండి. నమాజు అయిందని ఎలా తెలుస్తుందంటారా? కూర్చుని ముఖం ముందు కుడివైపు, తరువాత ఎడమవైపు త్రిప్పి సలాము చెబుతారు. అంతటితో నమాజు ముగుస్తుంది. అయినా ఆమె వెంటనే లేవకపోవచ్చు. "అస్తగ్‌ఫిరుల్లాహ్" అని మూడుసార్లు క్షమాపణ కోరుకుంటుంది. తరువాత వ్రేళ్ళ కణుపులమీద లెక్కపెట్టుకుంటూ సుబ్‌హానల్లాహ్ 33 సార్లు, అల్‌హమ్దులిల్లాహ్ 33 సార్లు, అల్లాహు అక్బర్ 33 లేక 34 సార్లు అంటుంది. దేవుడు పరిశుద్ధుడు, ఆయనకే స్తోత్రం, ఆయనే గొప్పవాడు అని ఈ మూడింటి అర్థం.

ఈ లెక్కలో మన ఆడవారి కథ ఒకటి ఉంది. ప్రవక్తగారి కూతురు ఫాతిమా గారికి తిరగలి త్రిప్పి త్రిప్పి చేతులు బొబ్బలెక్కాయి. పనికి ఒక మనిషిని ఇప్పించమని తండ్రిని అడగబోయారు. ఆయన మనిషిని ఇవ్వలేదు. రాత్రి పడుకోబోయే ముందు 33, 33, 34 సార్లు ఈ మాటలు స్మరించుకోమనీ, పనిమనిషికంటె అదే మేలనీ చెప్పారు. అందుకే దీన్ని తస్బీహె ఫాతిమా అంటారు. రోజంతా పొయ్యి ముందు, రోలు ముందు గడిపే మనకు ఈ సంగతి వేరే విడమరచి చెప్పాలా?

ఆ తరువాత దువా. రెండు అరచేతులూ తెరిచి కావలసింది కోరుకుని, చివర చాలామంది చేతులతో ముఖం తుడుచుకుంటారు. అంతవరకూ ఆగి అప్పుడు పలకరించండి. నమాజు అయ్యాక చేసుకునే దువా అరబ్బీలోనే ఉండాలని లేదు. బిడ్డ జ్వరం తగ్గాలని తెలుగులోనే అడుక్కోవచ్చు. కొన్ని మసీదులలో ఇమాము గట్టిగా దువా చేస్తే అందరూ "ఆమీన్" అంటారు, కొన్నిచోట్ల ఎవరికి వారే మెల్లగా చేసుకుంటారు. నమాజు కాగానే ప్రక్కవారితో చేతులు కలపడం కూడా అంతే, నమాజులో భాగం కాదు. చెయ్యి చాపనివారిని తప్పుపట్టవద్దు, చాపినవారిని చిన్నబుచ్చవద్దు. వీటికోసం అత్తాకోడళ్ళు, అన్నదమ్ములు మాటలు మానుకోవడం మాత్రం ఏ గ్రంథంలోనూ మెచ్చుకున్నది కాదు.

పండుగలకు వద్దాం. హిజ్రీ సంవత్సరం చంద్రమానం. సుమారు 354 రోజులు. అందుకే రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఎండాకాలంలోకీ, చలికాలంలోకీ తిరుగుతుంది. నెలవంక కనబడగానే దువా చేసి, పిల్లలు పెద్దలకు సలాము చెబుతారు. పండుగనాడు నమాజుకు ముందే ఫిత్రా ఇచ్చెయ్యాలి. పేదలు కూడా ఆ పూట కడుపునిండా తినాలని దాని ఉద్దేశం. రంజాన్ నాడు బేసి సంఖ్యలో ఖర్జూరాలు తిని నమాజుకు వెళ్ళడం, ఒక దారిన వెళ్ళి మరో దారిన రావడం సున్నత్. బక్రీద్ నాడు నమాజు తరువాతే తింటారు. ఆ పండుగకు ముందురోజు ఫజ్ర్ మొదలు జిల్‌హిజ్జా 13వ తేదీ అస్ర్ వరకు ప్రతి ఫర్జ్ నమాజు తరువాత తక్బీరు చెబుతారు. స్త్రీలను కూడా ఈద్గాకు తీసుకురమ్మనీ, నెలసరిలో ఉన్నవారు నమాజు చోటికి ఎడంగా కూర్చుని దువాలో పాల్గొనవచ్చుననీ ప్రవక్తగారు చెప్పినట్లు ఉమ్మె అతియ్యా గారు తెలిపారు.

నమాజు కాగానే "ఈద్ ముబారక్" అని ఆలింగనం చేసుకుంటారు. దసరానాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకునే మనకు ఇది కొత్త కాదు. ఆ వేళ మీకు పెట్టే షీర్ ఖుర్మాలో సారపప్పు ఉంటుంది. అది మన అడవుల్లోని మొర్రిచెట్టు పప్పే. అడవిలో ఏరిన కోయ ఆడపడుచుల కష్టం కూడా ఆ గిన్నెలో ఉందన్నమాట. వండినది తిననివారికి సేమ్యా, చక్కెర, ఖర్జూరాలు విడిగా పంపితే సరిపోతుంది. ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపు సంగతి కాదు కదా. భద్రాచలం సీతారాముల కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం గోల్కొండ తానీషా కాలంనుంచి వచ్చిందనే చెప్పుకుంటున్నాం.

ఒక్క జాగ్రత్త. మొహర్రం పదవనాడు, పీర్ల పండుగ అంటాం గనుక, "ముబారక్" అనవద్దు. హిజ్రీ 61లో, అంటే క్రీస్తుశకం 680లో, కర్బలాలో ఇమాం హుసేన్ ప్రాణాలర్పించిన రోజు అది.

చివరగా అన్నిటికంటె కష్టమైన పలకరింపు. ఇంట్లో మనిషి పోయిన తరువాత వచ్చే మొదటి పండుగ. ముబారక్ అందామంటే నోరు రాదు. అందుకని చాలామంది ఆ గడపే తొక్కరు. పోయినవారికోసం శోకం పాటించడం మూడు రోజులే; భర్త పోయిన భార్యకు మాత్రం నాలుగు నెలల పది రోజుల ఇద్దత్. ఇద్దత్‌లో ఆమె ఇల్లు కదలదు, అలంకరించుకోదు. కాని ఆమెను పలకరించకూడదని ఎక్కడా లేదు. ఆమె రాలేదు గనుకనే మనం వెళ్ళాలి.

ఏమనాలంటారా? ప్రవక్తగారి సహచరులు పండుగనాడు ఒకరితో ఒకరు "తఖబ్బలల్లాహు మిన్నా వ మిన్‌కుమ్" అనుకునేవారని చెబుతారు. మావీ మీవీ ప్రార్థనలను దేవుడు స్వీకరించాలని దాని అర్థం. ఇందులో సంబరమూ లేదు, ఏడుపూ లేదు. నిండుగా ఉన్న ఇంట్లోనూ చెల్లుతుంది, మనిషి తగ్గిన ఇంట్లోనూ చెల్లుతుంది. అరబ్బీ నోరు తిరగనివారు "సలాం వదినా, ఎట్లా ఉన్నవు?" అని ప్రక్కన కాసేపు కూర్చుంటే అదే పదివేలు. ఈసారి పండుగకు మీ వీధిలో అలాంటి ఇల్లు ఏదైనా ఉంటే, ముందుగా ఆ తలుపు తట్టండి.

ఉంటాను. సెలవు.