ఆర్ భాషలో ఇటీవలి మార్పులు - క్షేత్ర ప్రయోగాలపై వాటి ప్రభావం

వ్యవసాయ పరిశోధనలో ప్రయోగ ఫలితాల గణాంక విశ్లేషణకు నేడు విస్తృతంగా వాడుకలో ఉన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రామింగ్ భాష ‘ఆర్’. దీనిని ఎవరైనా ఉచితంగా పొందవచ్చు, దాని సోర్స్ కోడ్‌ను పరిశీలించవచ్చు, మార్చుకొని ఇతరులతో పంచుకోవచ్చు. స్నాతకోత్తర విద్యార్థులు తమ సిద్ధాంత గ్రంథాలలో, శాస్త్రవేత్తలు తమ వార్షిక నివేదికలలో ఈ భాష పేరును పేర్కొనడం సర్వసాధారణమైనది. అయితే ఏ సంచికను వాడినదీ పేర్కొనేవారు తక్కువ. గత కొన్ని సంవత్సరాలలో ఈ భాషలో జరిగిన మూడు మార్పులు క్షేత్ర ప్రయోగాలు నిర్వహించేవారికి నేరుగా సంబంధించినవి. వాటిని, వాటి వెనుక ఉన్న కారణాలను, మనం తీసుకొనవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసంలో వివరించడమైనది.

పుట్టుక, నిర్వహణ

ఆర్ భాషకు మాతృక ‘ఎస్’ అనే భాష. దానిని 1976లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్ ఛాంబర్స్, ఆయన సహచరులు రూపొందించడం ప్రారంభించారు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు అధ్యాపకులు తమ విద్యార్థులకు బోధించుటకు అనువుగా అటువంటి భాషనే కొత్తగా నిర్మించి 1993లో బయటకు తెలియజేశారు. ఇద్దరి పేర్లలోని తొలి అక్షరమే భాషకు పేరయినది. 1995లో దీనిని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద విడుదల చేశారు. 1997లో ‘ఆర్ కోర్’ అనే నిర్వాహక బృందం ఏర్పడినది. 2000 ఫిబ్రవరి 29న 1.0.0 సంచిక వెలువడినది.

మూల భాషలో మార్పులు చేసే అధికారం ఆర్ కోర్ బృందానికి మాత్రమే ఉన్నది. సుమారు ఇరవై మంది గల ఈ బృందంలో భారతీయ గణాంక సంస్థ ఢిల్లీ కేంద్రానికి చెందిన ఆచార్య దీపాయన్ సర్కార్ ఒకరు. లోపాలను గుర్తించి తెలియజేయడం, సవరణలు సూచించడం మాత్రం ఎవరైనా చేయవచ్చు. సాధారణంగా ప్రతి సంవత్సరం ఏప్రిల్ ప్రాంతంలో ఒక ప్రధాన విడుదల ఉంటుంది. దానికి ముందు కొన్ని వారాల పాటు పరీక్షా సంచికలను అందుబాటులో ఉంచుతారు.

మూల భాషకు అనుబంధంగా పరిశోధకులు వ్రాసిన ప్యాకేజీలను ‘క్రాన్’ అనే భాండాగారంలో భద్రపరుస్తారు. వియన్నాలో కుర్ట్ హోర్నిక్, ఫ్రిట్జ్ లైష్ దీనిని 1997లో ప్రారంభించినపుడు అందులో ఉన్న ప్యాకేజీలు పన్నెండు. నేడు వాటి సంఖ్య ఇరవై వేలు దాటినది. లైష్ తరువాతి కాలంలో వియన్నాలోని ప్రకృతి వనరులు, జీవ శాస్త్రాల విశ్వవిద్యాలయంలో గణాంక శాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు.

మొదటి మార్పు: యాదృచ్ఛికీకరణ

క్షేత్ర ప్రయోగానికి ప్రాణం యాదృచ్ఛికీకరణ. ఏ మడిలో ఏ ట్రీట్‌మెంట్ ఉండాలో పరిశోధకుని ఇష్టాయిష్టాలకు వదలరాదన్నది ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ కేంద్రంలో పనిచేసిన రోనాల్డ్ ఫిషర్ స్థాపించిన సూత్రం. ఒకప్పుడు యాదృచ్ఛిక సంఖ్యల పట్టికలను, చీటీలను వాడేవారము. నేడు ఆ పనిని ఆర్ భాషలోని ‘శాంపుల్’ అనే ప్రమేయం చేస్తున్నది. దానికి ముందుగా ‘సీడ్’ అనే ఒక సంఖ్యను ఇచ్చినట్లయితే, ఎన్నిసార్లు నడిపినా అదే అమరిక వస్తుంది. అందువలన చాలామంది సీడ్ సంఖ్యను మాత్రమే వ్రాసిపెట్టుకొని, అమరిక పటాన్ని విడిగా భద్రపరచరు.

2019 ఏప్రిల్‌లో వెలువడిన 3.6.0 సంచికలో ఈ ప్రమేయం పనిచేసే పద్ధతిని మార్చారు. సీడ్ సంఖ్య 123గా ఇచ్చి, 1 నుండి 10 వరకు సంఖ్యలను కలగలపమని కోరితే, పాత సంచికలలో 3, 8, 4, 7, 6, 1, 10, 9, 2, 5 అనే వరుస వచ్చేది. 3.6.0 నుండి 3, 10, 2, 8, 6, 9, 1, 7, 5, 4 వస్తున్నది. పాత పద్ధతిలో భిన్నాలను పూర్ణాంకాలుగా కుదించేటపుడు, సమూహం చాలా పెద్దదయినపుడు, అన్ని సంఖ్యలకూ సమానావకాశం లభించడం లేదని కెల్లీ ఒట్టోబోని, ఫిలిప్ స్టార్క్ అనే గణాంక శాస్త్రవేత్తలు చూపారు. ఆ లోపాన్ని సరిదిద్దుటకే ఈ మార్పు. ఇరవై, ముప్పై మడులు గల ప్రయోగంలో ఆ లోపం లెక్కలోనికి రానంత స్వల్పం. కనుక పూర్వపు ప్రయోగాల అమరికలు చెల్లవని భావించనవసరం లేదు.

చిక్కు వేరొక చోట ఉన్నది. వరి, మొక్కజొన్న వంటి పైర్లలో ప్రయోగం ఒక పంటకాలంలో ముగుస్తుంది. పండ్ల తోటలలో అట్లా కాదు. ఉదాహరణకు ఎన్.టి.ఆర్. జిల్లా తిరువూరు డివిజన్‌లోని విస్సన్నపేట ప్రాంతాన్ని తీసుకుందాము. పొరుగున ఉన్న నూజివీడు వలెనే ఇది కూడా మామిడి సీమ. అక్కడ ఒక బంగినపల్లి తోటలో ఏడాది విడిచి ఏడాది కాపును సరిచేయుటకు పాక్లోబ్యూట్రజాల్ మోతాదులతో, పొటాషియం నైట్రేట్ పిచికారీతో 2018లో ఎనిమిది ట్రీట్‌మెంట్లు, మూడు రెప్లికేషన్ల ప్రయోగం వేసినట్లు భావిద్దాము. ఇటువంటి ప్రయోగానికి కనీసం నాలుగైదు కాపులు చూడవలసి ఉంటుంది. ఈ లోపల చెట్లకు కట్టిన గుర్తు బిళ్లలు రాలిపోవచ్చు, పరిశోధకుడు బదిలీ కావచ్చు, కార్యాలయంలోని కంప్యూటరు మారవచ్చు. తరువాత వచ్చిన వ్యక్తి పాత ప్రోగ్రామును, పాత సీడ్ సంఖ్యతోనే, కొత్త సంచికలో నడిపితే వేరొక అమరిక వస్తుంది. హెచ్చరిక ఏదీ కనిపించదు. ఒక ట్రీట్‌మెంట్ చెట్ల దిగుబడి మరొక ట్రీట్‌మెంట్ ఖాతాలో చేరుతుంది. నాలుగేళ్ల శ్రమతో పాటు తోటను ప్రయోగానికి ఇచ్చిన రైతు నమ్మకం కూడా వ్యర్థమవుతుంది.

పరిష్కారం సులభమే. ‘ఆర్‌ఎన్‌జీవెర్షన్’ అనే ప్రమేయానికి 3.5.0 అని తెలిపినచో పాత పద్ధతి అమలులోనికి వచ్చి, పాత అమరిక తిరిగి లభిస్తుంది. సమానావకాశం లేని పద్ధతి వాడుతున్నారని ఒక హెచ్చరిక కనిపిస్తుంది. పాత అమరికను తిరిగి రాబట్టుటకు మాత్రమే దీనిని వాడవలెను. కొత్త ప్రయోగాలకు కొత్త పద్ధతియే వాడవలెను.

రెండవ మార్పు: అక్షరాలు, వర్గాలు

ఆర్ భాషలో ట్రీట్‌మెంట్, రెప్లికేషన్, వంగడం వంటి వర్గాలను ‘ఫ్యాక్టర్’ అంటారు. పూర్వం దత్తాంశాల ఫైలును చదివేటపుడు అక్షరాలతో కూడిన నిలువు వరుసలన్నీ తమంత తామే ఫ్యాక్టర్లుగా మారేవి. 2020 ఏప్రిల్ 24న వెలువడిన 4.0.0 సంచిక నుండి అవి అక్షరాలుగానే ఉంటున్నవి. ఫ్యాక్టర్లుగా మార్చేటపుడు పాటించే అకారాది క్రమం ఆయా దేశాల కంప్యూటర్ల అమరికను బట్టి మారుతున్నందున, ఒకే దత్తాంశం రెండు చోట్ల రెండు విధాలుగా కనిపించే ప్రమాదం ఉండేది. ఈ మార్పునకు అది ముఖ్య కారణం.

విస్తృతి విశ్లేషణ చేసే ప్రమేయాలు అక్షరాలను తామే ఫ్యాక్టర్లుగా గ్రహిస్తాయి గనుక, అక్కడ ఫలితం మారదు. అయితే వర్గాల జాబితాను కోరే పాత ప్రోగ్రాములు, కొన్ని ప్యాకేజీల ప్రమేయాలు ఆగిపోవచ్చు. అంతకంటె పెద్ద ప్రమాదం అంకెలతో వ్రాసిన వర్గాల విషయంలో ఉన్నది. ఇది పాత సంచికలలోనూ ఉన్నది, కొత్త సంచికలలోనూ ఉన్నది. ట్రీట్‌మెంట్లను 1 నుండి 8 వరకు అంకెలతో నమోదు చేసినపుడు, ఆర్ వాటిని వర్గాలుగా కాక కొలతలుగా భావిస్తుంది. ఎనిమిదవ ట్రీట్‌మెంట్ మొదటిదానికి ఎనిమిది రెట్లన్నట్లు సరళరేఖను అమర్చుతుంది.

దీనిని గుర్తించుటకు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ వరుసను చూస్తే చాలు. పైన చెప్పిన ఎనిమిది ట్రీట్‌మెంట్లు, మూడు రెప్లికేషన్ల ప్రయోగంలో రెప్లికేషన్లకు 2, ట్రీట్‌మెంట్లకు 7, దోషానికి 14, మొత్తం 23 ఉండవలెను. ట్రీట్‌మెంట్లను అంకెలుగా తీసుకుంటే వాటికి 1, దోషానికి 20 వస్తాయి. రెప్లికేషన్లను అంకెలుగా తీసుకుంటే వాటికి 1, దోషానికి 15 వస్తాయి. ఈ రెండవ తప్పును పట్టుకొనడం కష్టం, ఏలననగా ట్రీట్‌మెంట్ల వరుస సరిగానే కనిపిస్తుంది. దోషపు విస్తృతి మాత్రం మారి, దానితో పాటు క్రిటికల్ డిఫరెన్స్ కూడా మారుతుంది. రైతుకు సిఫారసు చేసే మోతాదు ఆ విలువపైనే ఆధారపడి ఉన్నది. కనుక సిద్ధాంత గ్రంథాలను పరీక్షించే ఆచార్యులు ప్రతి విస్తృతి విశ్లేషణ పట్టికలోను ఈ వరుసను చేతితో లెక్కించి సరిచూడవలెనని మనవి. దానికి ఒక నిమిషం కూడా పట్టదు.

మూడవ మార్పు: తెలుగు లిపి

2022 ఏప్రిల్‌లో వచ్చిన 4.2.0 సంచిక తెలుగు పరిశోధకులకు ప్రత్యేకంగా ఉపకరించినది. అంతకుముందు విండోస్ కంప్యూటర్లలో తెలుగులో నమోదు చేసిన గ్రామాల పేర్లు, వంగడాల పేర్లు తరచుగా అక్షరాలకు బదులు కోణపు గుర్తుల మధ్య యూనికోడ్ సంకేత సంఖ్యలుగా కనిపించేవి. లినక్సులో ఈ ఇబ్బంది లేదు. 4.2.0 నుండి విండోస్ 10లోని ఇటీవలి సంచికలలోను, ఆ తరువాతి విండోస్‌లోను, యూనికోడ్ పద్ధతియే ఆర్‌కు సహజ పద్ధతి అయినది. సర్వే పత్రాలలో రైతులు చెప్పిన మాటలను, ఊళ్ల పేర్లను లిప్యంతరీకరణ లేకుండానే విశ్లేషించవచ్చు. ఒకే గ్రామాన్ని ఇంగ్లీషులో నాలుగు విధాలుగా వ్రాసి, నాలుగు గ్రామాలుగా లెక్కించే తిప్పలు తగ్గుతాయి. రేఖాచిత్రాలలో తెలుగు ఒత్తులు సరిగా రావాలంటే మాత్రం ‘రాగ్’ వంటి ప్యాకేజీని వాడడం మంచిది.

ఈ సంచిక నుండే విండోస్‌లో 32 బిట్ల కంప్యూటర్లకు మద్దతు నిలిచిపోయినది. పరిశోధనా కేంద్రాలలో మిగిలి ఉన్న పాత యంత్రాలు పాత సంచికతోనే ఆగిపోతాయి. ఒకే ప్రాజెక్టులోని రెండు కేంద్రాలు రెండు సంచికలలో పనిచేసే పరిస్థితి దీనివలన ఏర్పడుతుంది.

ప్యాకేజీల భవిష్యత్తు

క్షేత్ర ప్రయోగాల రూపకల్పనకు, సగటుల పోలికకు మన విద్యార్థులు ఎక్కువగా ఆశ్రయించే ‘అగ్రికోలే’ ప్యాకేజీని పెరూ దేశంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన ఫెలిపె దె మెండిబూరు రూపొందించారు. పూర్వపు వ్యవసాయ ప్రయోగాల దత్తాంశాలను ‘అగ్రిడాట్’ అనే ప్యాకేజీలో కెవిన్ రైట్ సమకూర్చారు. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆర్ ఆధారంగా ‘గ్రేప్స్’ అనే వేదికను నిర్మించినది. ప్రోగ్రాము వ్రాయడం తెలియనివారు కూడా దానిలో విశ్లేషణ చేసుకొనవచ్చు.

ఇవన్నీ ప్రధానంగా వ్యక్తుల శ్రద్ధపై నిలిచి ఉన్నవి. భాషలో మార్పు వచ్చినపుడు రచయిత తన ప్యాకేజీని సవరించనట్లయితే, క్రాన్ నిర్వాహకులు దానిని చురుకైన జాబితా నుండి తొలగించి పాత దస్త్రాలలోనికి చేర్చుతారు. సోర్స్ కోడ్ నశించదు గాని, సులభంగా స్థాపించుకొనే వీలు పోతుంది. డబ్బు చెల్లించి తెచ్చుకొన్న సాఫ్ట్‌వేర్‌కు సంరక్షణ బాధ్యత కంపెనీది. ఉచితంగా లభించినదానికి ఆ బాధ్యతలో కొంత వాడుకరులది.

నూజివీడు బడి నుండి ఆర్ భాష వరకు

ఈ భాషతో మన ప్రాంతానికి ఉన్న ఒక అనుబంధాన్ని ఇక్కడ పేర్కొనడం సముచితం. ప్రపంచ ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు (1920-2023) గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో పాఠశాల విద్యను అభ్యసించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, భారతీయ గణాంక సంస్థలో చేరారు. 1948లో ఆయన ప్రతిపాదించిన స్కోర్ పరీక్ష ఆర్ మూల భాషలోనే ‘రావు’ అనే పేరుతో ఒక ఎంపికగా ఉన్నది. చీడ సోకిన, సోకని మొక్కల లెక్కల వంటి దత్తాంశాలకు దానిని వాడవచ్చు. బహుకారక ప్రయోగాలలో మడుల సంఖ్యను తగ్గించుటకు తోడ్పడే ఆర్థోగోనల్ అర్రేలు, జీవవైవిధ్యాన్ని కొలిచే క్వాడ్రాటిక్ ఎంట్రపీ కూడా ఆయన కృషి నుండి వచ్చినవే. వాటికి ఆర్‌లో ప్యాకేజీలు ఉన్నవి.

పరిశోధకులకు సూచనలు

1. ప్రయోగపు అమరిక పటాన్ని ముద్రించి క్షేత్ర పుస్తకంలో అంటించవలెను. సీడ్ సంఖ్య దానికి ప్రత్యామ్నాయం కాదు.

2. ఆర్ సంచిక సంఖ్యను, వాడిన ప్యాకేజీల సంచికలను సిద్ధాంత గ్రంథంలోను, నివేదికలోను పేర్కొనవలెను. ‘సెషన్‌ఇన్ఫో’ అనే ప్రమేయం ఈ వివరాలన్నిటిని ఒకేసారి ఇస్తుంది.

3. ట్రీట్‌మెంట్లను, రెప్లికేషన్లను ఫ్యాక్టర్లుగా స్పష్టంగా ప్రకటించవలెను. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌ను సరిచూసిన పిదపనే మిగిలిన వరుసలు చదవవలెను.

4. బహువార్షిక ప్రయోగం మధ్యలో సంచిక మార్చవలసి వస్తే, గత సంవత్సరపు దత్తాంశాన్ని కొత్త సంచికలో ఒకసారి నడిపి, పాత ఫలితంతో సరిపోల్చవలెను. ప్యాకేజీల సంచికలను స్థిరంగా ఉంచుటకు ‘ఆర్‌ఎన్వ్’ తోడ్పడుతుంది.

5. లోపం కనిపించినపుడు దానిని ప్యాకేజీ రచయితకు వ్రాయవలెను. చిన్న దత్తాంశంతో, లోపాన్ని తిరిగి చూపగల నాలుగు పంక్తులతో వ్రాసిన లేఖ ఆ ప్యాకేజీని వాడే ఇతర పరిశోధకులందరికీ ఉపయోగపడుతుంది.

ప్రతి వేసవిలో మన పరిశోధనా కేంద్రాలు ఖరీఫ్ ప్రయోగాల ప్రణాళికలను సిద్ధం చేస్తాయి. ఆర్ కొత్త సంచిక వచ్చేది కూడా ఇంచుమించు అదే కాలంలో. సాంకేతిక కార్యక్రమాన్ని ఆమోదించే సమావేశంలోనే, ఆ సంవత్సరం అన్ని కేంద్రాలు ఏ సంచికను వాడవలెనో నిర్ణయించి నమోదు చేసినట్లయితే, పైన చెప్పిన చిక్కులలో అధికభాగం తలెత్తవు.