పందికొక్కు ప్లేస్టేషన్ ఎక్కిన కథ

క్రాష్ బాండికూట్ ఆడని తెలుగువాళ్లు చాలామందే ఉంటారు గానీ, కంచం ముందు కూర్చుని "పందికొక్కులా మేస్తున్నావేంట్రా" అనిపించుకోనివాళ్లు తక్కువ. ఈ రెండింటికీ చుట్టరికం ఉంది. ఇంగ్లీషు బాండికూట్ మన పందికొక్కు నుంచే పుట్టింది. మొదట అది మన దేశపు పెద్ద ఎలుక పేరు. తర్వాత ఆస్ట్రేలియాలో పొడుగు ముక్కుతో నేల తవ్వుకునే ఇంకో జంతువు కనపడితే, తెల్లవాళ్లు దానికీ అదే తగిలించేశారు. అది ఎలుక కానే కాదు, కంగారూలా పిల్లల్ని సంచిలో పెంచే జాతి. క్రాష్ ఆ రెండో రకం. పేరు మాత్రం మనదే!

1990ల్లో ప్రతి గేమ్ కంపెనీకీ ఒక బొమ్మ హీరో కావాల్సిందే. నింటెండోకి మారియో ఉన్నాడు, బుద్ధిమంతుడు. సెగా 1991లో సోనిక్‌ని దింపింది. మనం బటన్ నొక్కకుండా కూర్చుంటే వాడు విసుగ్గా కాలు తాటిస్తాడు. ఆటగాడి మీదే చిరాకు పడే హీరో అన్నమాట. నా లెక్కలో అల్లరి హీరోల ఫ్యాషన్ అక్కడే ఊపందుకుంది. కొత్తగా వచ్చిన సోనీ ప్లేస్టేషన్‌కి మాత్రం అలాంటివాడు ఎవడూ లేడు.

ఆ ఖాళీని కనిపెట్టింది నాటీ డాగ్ అనే చిన్న కంపెనీ. దాన్ని పెట్టిన జేసన్ రూబిన్, ఆండీ గావిన్ చిన్నప్పటి దోస్తులు. సోనిక్ లాంటి పరుగు ఆటని త్రీడీలో చేద్దామనుకున్నారు. కెమెరా వెనకాల ఉంటే ఎంతసేపూ హీరో వెనకభాగమే కనిపిస్తుంది కదా, అందుకని తమలో తాము దాన్ని "సోనిక్ పిర్రల గేమ్" అని పిలుచుకున్నారు. (మన ప్రాజెక్టు ఫోల్డర్ల పేర్లు ఇంతకంటే నయమేం కాదు లెండి.) హీరోకి మొదటి పేరు విల్లీ ద వాంబాట్.

నాకు బాగా నచ్చే విషయం ఏంటంటే, క్రాష్ రూపంలో సగం అల్లరి హార్డ్‌వేర్ పెట్టిన ఇబ్బందుల్లోంచే వచ్చింది. అప్పటి టీవీ తెరమీద చిన్న వివరాలు కనపడవు. అందుకే మెడ తీసేసి తలకాయ పెద్దది చేశారు, చేతులకి గ్లవ్స్ తొడిగారు, అడవి పచ్చదనంలో కలిసిపోకుండా ఒంటికి నారింజ రంగు వేశారు. ప్లేస్టేషన్ ర్యామ్ 2 ఎంబీ మాత్రమే. లెవెల్ మొత్తం అందులో పట్టదు కాబట్టి, ఆడుతుండగానే సీడీ నుంచి ముక్కలు ముక్కలుగా లోడ్ అయ్యేలా గావిన్ కోడ్ రాశాడు. ఓఎస్ క్లాసులో మనం నిద్రపోతూ వినే పేజింగ్ ఇదే. మొహాన్ని ఎముకల లెక్కతో కాకుండా, ఒక్కో ఫ్రేములో ఒక్కో బిందువు ఎక్కడుండాలో దాచిపెట్టి కదిలించారు. కనుబొమ్మలు ఎగరేయడం, ఆ వెర్రి ఇకిలింపు, అన్నీ దాని పుణ్యమే. వాడు మాట్లాడడు, మొహంతోనే నడిపించాలి మరి.

చావు కూడా నవ్వించేలా పెట్టారు. పేలిపోతే బూట్లు, కనుగుడ్లు మిగులుతాయి, ఒక్కోసారి రెక్కలు కట్టుకుని పైకి ఎగిరిపోతాడు. నిజానికి ఆట చాలా కష్టం, పదిసార్లు చస్తే గానీ కొన్ని వంతెనలు దాటలేం. నవ్వొచ్చే చావు కాబట్టే కంట్రోలర్ విసిరికొట్టకుండా పదకొండోసారి మొదలుపెడతాం.

1996లో ఆట రాగానే సోనీ అల్లరిని అమ్మకానికి కూడా వాడుకుంది. టీవీ యాడ్‌లో క్రాష్ వేషం వేసుకున్న మనిషి మెగాఫోన్ పట్టుకుని నింటెండో ఆఫీసు ముందు నిలబడి మారియోకి సవాలు విసురుతాడు.

ఇంత చేసినా హక్కులు నాటీ డాగ్‌వి కావు, సోనీవీ కావు. డబ్బు పెట్టిన యూనివర్సల్‌వి. నాలుగు ఆటలు చేశాక 1999లో సృష్టించినవాళ్లే క్రాష్‌ని వదిలి వెళ్లిపోయారు. తర్వాత వాళ్లు అన్‌చార్టెడ్ చేశారు, ద లాస్ట్ ఆఫ్ అస్ చేశారు. క్రాష్ మాత్రం చేతులు మారుతూ యాక్టివిజన్ దగ్గరికి చేరాడు. ఆ కంపెనీని 2023లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. అలా ప్లేస్టేషన్ మొహంగా పెరిగిన మన పందికొక్కు ఇప్పుడు ఎక్స్‌బాక్స్ వాళ్ల గాదె కింద ఉంది.